తొడుగు కింద

ఆటర్ లేక్, మిషిగన్
1996 అక్టోబరు 9

తమ్ముడు ఒన్నికి,

దేవుని సమాధానం, ఆయన శాంతి నీకు కలుగుగాక.

ఇక్కడ ఇద్దరం బాగున్నాం. బంగాళాదుంపలు తవ్వడం అయిపోయింది. నీకిష్టమైన బెర్రీ జామ్ ఆరు సీసాలు చేశాను. అందులో రెండు నీవి. పోస్టులో మాత్రం పంపను, వచ్చి తీసుకెళ్లు.

ఒక సలహా కావాలి. రెండేళ్ల కింద నువ్వు మాకు అమ్మిన పికప్ బండి వెనక తొట్టిలో నల్ల ప్లాస్టిక్ తొడుగు ఉంది కదా, అది ముందు అంచున చీలింది. మీ బావ చేత్తో అదిమితే నోరు తెరిచినట్టు తెరుచుకుంటోంది. మంచు పడేలోపు మార్చేయాలంటున్నారు. ముప్ఫై ఏళ్లు కౌంటీ లారీ నడిపి రోడ్ల మీద ఉప్పు చల్లిన మనిషి కదా, ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? "నేను చల్లిన ఉప్పే తిరిగొచ్చి నా బండిని తింటోంది తైమీ, న్యాయమంటే ఇదే" అని నవ్వుతారు.

హౌటన్‌లో ఒక కొత్త షాపు పెట్టారట. తొట్టిని లోపలంతా గీకి, కడిగి, రబ్బరులాంటి నల్ల పూత కొడతారట. అది ఊడదు, దాని కింద నీళ్లు నిలవవు అంటున్నారు. లేదంటే ఇప్పుడున్నలాంటి ప్లాస్టిక్ తొడుగే కొత్తది కొనొచ్చు. వట్టి రబ్బరు చాప కూడా ఉందట, పరుచుకోవడం, తీసి దులుపుకోవడం. మీ బావకు పూత మీద మనసుంది. నీ పనే బండ్ల బాడీ పని కాబట్టి నిన్నడగమన్నారు.

నువ్వు ఆ బండి తాళాలు ఇచ్చిన రోజు నాకింకా గుర్తే. లారీ మీంచి పడ్డప్పటినుంచి ఆయన నడుము వంగదు. నన్నైనా బండి కిందికి చూడమనొచ్చు, అనలేదు. "ఒన్ని మాట చాలు" అన్నారు. అమ్మ పోయినప్పుడు నువ్వు తాగి వచ్చావని మీ ఇద్దరి మధ్య పడ్డ ఎడం ఆ రోజుతో పోయింది. నాకు ఆ బండి అంటే అందుకే ఇష్టం.

నీ అక్క,
తైమి

*

సుపీరియర్, విస్కాన్సిన్
అక్టోబరు 17

అక్కా,

నీ ఉత్తరం అందింది. జామ్ కోసమైనా వస్తాలే గానీ ఈ నెల కుదరదు. జింకల్ని గుద్దుకున్న బండ్లు షాపుకి వరసగా వస్తున్నాయి. నిన్న ఒకాయన వచ్చి జింకదే తప్పని నాతో గంటసేపు వాదించాడు.

తొడుగు సంగతి. పూత కొట్టే వాళ్ల మాట నమ్మొద్దు. సరిగ్గా గీకరు, తడి ఆరకముందే కొట్టేస్తారు. తడి మీద పూత వేస్తే ఉప్పునీళ్లను లోపల పెట్టి కుట్లు వేసినట్టే. ఏడాది తిరక్కుండా బుడగలు లేస్తాయి. అలాంటి బండ్లు మా దగ్గరికి రోజూ వస్తాయి.

కొత్త ప్లాస్టిక్ తొడుగు కూడా వద్దు. పాతది తీస్తే స్క్రూల దగ్గర పెయింట్ ఊడిపోతుంది. చీలిక మీద టేపు వేసి, పైన మందంగా ఉండే రబ్బరు చాప పరిచేయండి. చాలు.

పాత తొడుగును తీయొద్దు. బావకు గట్టిగా చెప్పు. తీయొద్దు.

ఒన్ని

*

ఆటర్ లేక్
నవంబరు 12

తమ్ముడు ఒన్నికి,

దేవుని సమాధానం.

నువ్వు చెప్పినట్టే చాప తెచ్చి పరిచాం. హౌటన్ షాపుకు ఇచ్చిన తేదీని మీ బావ రద్దు చేసుకున్నారు. "మనింట్లో పనివాడు ఉండగా బయటివాడికెందుకు" అన్నారు. ఆ మాటకు నేను సంతోషించాను.

అయితే తీయొద్దని రెండుసార్లు రాసి, రెండో దాని కింద గీత కూడా గీశావు. కాగితం చిరిగేంత గట్టిగా గీశావు. ఎందుకని కాసేపు ఆలోచించాను.

ఇంకో మాట. వాన వెలిసి రెండు రోజులైనా తొట్టి వెనక తలుపు కింద నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కాఫీ డికాషన్‌లా ఎర్రగా ఉన్నాయి. నిన్న మంచు మీద బండి నిలబెట్టిన చోట మరక పడింది. బట్టలు ఆరేయడానికి వెళ్లి చూసి ఏదో జంతువు నెత్తురనుకున్నాను.

మీ బావతో అంటే, "ముసలి బండి తైమీ, దానికీ కాస్త కారుతుంది. నాకు కారట్లేదూ?" అన్నారు. సిగ్గులేని మనిషి.

వసంతానికి ఆయన కొత్త ఆలోచన ఒకటి చేశారు. ఈసారి మేపుల్ చెట్ల నుంచి కారే తీపి నీటిని బకెట్లతో మోయరట. పాల వ్యాపారం మానేసిన ఒకాయన దగ్గర రెండు వందల గ్యాలన్ల ట్యాంకు దొరికింది. దాన్ని పికప్ తొట్టిలో బిగించి, కొండ మీద తోపులో నింపుకుని, దిగుడు రోడ్డున ఇంటికి తెచ్చి పాకం కాస్తారట. నిండు ట్యాంకు మన చిన్నప్పటి ఎల్సా ఆవుకన్నా బరువు. ఆ దిగుడు నీకు తెలుసు కదా. కింద మలుపు, మలుపు అవతల బండరాళ్లు, ఆ కింద సరస్సు. నాకు ఖాళీ చేతులతో నడిచి దిగాలన్నా భయమే.

నీ ఉత్తరంలో మన చర్చివాళ్ల పలకరింపు ఉండదు. నేను రాసేది మాత్రం మానను.

తైమి

*

సుపీరియర్
నవంబరు 30

అక్కా,

ఎర్ర నీళ్లకు కంగారు పడకు. తొడుగు మడతల్లో నిలిచిన నీళ్లు మట్టితో కలిసి అలాగే కారతాయి. ప్రతి బండికీ ఉండేదే.

కానీ ట్యాంకు ఎందుకు? ఎంత పెద్దదని రాశావు, రెండు వందలా? నాకు తప్పు కనబడిందేమోనని మళ్లీ చదివాను. బావకు యాభై ఎనిమిదేళ్లు. ఇన్నాళ్లూ బకెట్లతో సరిపోలేదా? ఇద్దరికి ఎంత పాకం కావాలి? ఎడ్లబండిలాంటిదేదైనా ట్రాక్టరు వెనక కట్టుకోమను. ఆ దిగుడులో పికప్ మీద అంత బరువు పెట్టడం ఏ బండికైనా మంచిది కాదు. ఏ బండికైనా అంటున్నాను. ఈ బండికని కాదు.

బావకు నేను చెప్పానని చెప్పకు. నీ మాటగా చెప్పు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. క్రిస్మస్‌కు రాలేను.

ఒన్ని

*

ఆటర్ లేక్
1997 జనవరి 20

తమ్ముడు ఒన్నికి,

దేవుని సమాధానం.

ఈ ఉత్తరం నేను నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఫోను వంటింటి గోడ మీద ఉంది, మీ బావ కుర్చీ దాని కిందే ఉంది. అందుకని రాస్తున్నాను.

శనివారం ఆయన చేపలకని సరస్సు మీదికి వెళ్లారు. సానా గదిలో ఆవిరి స్నానానికి పొయ్యి అంటించి, కట్టెల కోసం పాకలోకి వెళ్లాను. అక్కడే బండి ఉంది. నీ మాట గుర్తొచ్చింది, ఏ బండికైనా, ఈ బండికని కాదు అని రాశావే, అది. నెలన్నరగా చెవిలో పురుగులా తిరుగుతోంది. స్క్రూడ్రైవరు తెచ్చాను. నాకు యాభై ఏళ్లు, ఇంతవరకూ మొగుడికి తెలియకుండా ఈ ఇంట్లో ఒక్క మేకు కూడా పీకలేదు.

చాప మడిచాను. వెనక మూల మూడు స్క్రూలు విప్పాను. ఒకటి విప్పకుండానే చేతిలోకి వచ్చేసింది, పళ్లు లేవు. తొడుగు ఎత్తితే కింద ఐసు, ఐసులో ఎర్ర మన్ను. టార్చిలైటు వేశాను. నల్లగా తారు పూసి ఉంది, మన పాక కప్పుకు పూసే తారు. తారు పెచ్చు లేచిన చోట రేకు కనబడింది. నీలం రేకు, దాని మీద తెల్ల చుక్కలు.

ఒన్నీ, ఏ బండికీ అలాంటి రేకు ఉండదు. అది అమ్మ కట్టెల పొయ్యి తలుపు. రొట్టె వేడిగా ఉండటానికి అమ్మ అందులో పెట్టేది. మూల మీద పెచ్చు ఊడి చిన్న చందమామలా ఉంది. ఆ చందమామ నువ్వే చేశావు, నీకు ఆరేళ్లప్పుడు, ఇనప కడ్డీ విసిరి. అమ్మ అడిగితే నేనే చేశానని చెప్పి దెబ్బలు తిన్నాను. మర్చిపోయావా?

రేకు పక్కన వేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి దిగింది. ఇనుము, ఎండిన రొట్టె విరిగినట్టు విరిగింది.

మళ్లీ స్క్రూలు బిగించేశాను. చాప పరిచాను. చేతులు కడుక్కుని, మీ బావ తెచ్చిన చేపలు శుభ్రం చేశాను. ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. నాన్న, పెదనాన్న ఒకే రోడ్డుకు అటూ ఇటూ ముప్ఫై ఏళ్లు బతికి ఒక్క మాట మాట్లాడుకోలేదు. కంచె రాళ్ల కోసం. నాకు నువ్వొక్కడివే ఉన్నావు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. పోయింది తొట్టి నేల మాత్రమేనా, ఎముకలు కూడానా? బండి కింద పొడవునా ఉండే ఇనప దూలాలు బాగున్నాయా? నేల పోతే పోయింది. ఎముకలు పోతే మాత్రం ఆయన్ను దిగుడు మీదికి పంపలేను.

నిజం రాయి. నేను అరవను. నా గొంతు నీకు తెలుసు కదా, అరిచినా ఎవరికీ వినబడదు.

తైమి

*

సుపీరియర్
ఫిబ్రవరి 3

అక్కా,

నేల మాత్రమే.

రేకు వేసింది నేనే, దాచను. అప్పుడు సాండ్రా కాపురం వద్దని ఇంట్లోంచి పొమ్మంది, డబ్బు కోసం బండి అమ్మక తప్పలేదు. నేల కాస్త పోయింది, అతుకు వేశాను. అందరూ వేస్తారు. కింద దూలాలు బాగానే ఉన్నాయి. భయపడకు.

బావకు చెప్పకు. నేను వచ్చినప్పుడు నా నోటితో నేనే చెబుతాను. ఈస్టరుకు వస్తాను.

ఒన్ని

*

ఆటర్ లేక్
మార్చి 25

తమ్ముడు ఒన్నికి,

దేవుని సమాధానం.

నీ ఉత్తరం బైబిల్లో పెట్టుకుని రోజూ చదువుతున్నాను. అందులో "బాగానే" అనే మాట మీద సిరా అలుక్కుపోయి ఉంది. ఆ మాట దగ్గర నీ కలం ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు.

మేపుల్ నీరు గురువారం మొదలైంది. ట్యాంకు బిగించారు. ఇప్పటికి ఏడుసార్లు దిగాం. "దిగాం" అని రాశాను చూడు. నేనూ వెళ్తున్నాను.

మొదటి రోజు ఆయన్ను ఆపాలని చూశాను. తాళాలు పిండి డబ్బాలో దాచాను. ఆయన పాన్‌కేకులు చేద్దామని డబ్బా తీసి, తాళాలు దులుపుతూ, "తైమీ, ఇవి ఎంత సేపు ఉడకాలి?" అన్నారు. నడుము నొప్పి అన్నాను, అయితే పడుకో అన్నారు. కల వచ్చిందన్నాను, కలలకు పెట్రోలు ఖర్చు లేదన్నారు. ఇంక నాకేం మిగిలింది? కోటు తొడుక్కుని ఎక్కి పక్కన కూర్చున్నాను.

నిజం ఏమిటో నాకు తెలియదు కాబట్టి చెప్పలేను. చెప్పలేను కాబట్టి పక్కన కూర్చుంటున్నాను. పోతే ఇద్దరం పోతాం. ఇది పాపమో కాదో కూడా నాకు తెలియట్లేదు. ప్రార్థన చేద్దామంటే మాటలు రావు, లోపలెవరో అడుగుతారు, నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేదానికి నన్నెందుకు అడుగుతున్నావని.

దిగుడు మొదట్లో ఆయన గేరు తగ్గిస్తారు. అప్పుడు వెనక నీళ్లన్నీ ఒక్కసారి ముందుకొచ్చి కొడతాయి. క్యాబిన్ వెనక గోడ నా వీపుకు తగులుతుంది. తర్వాత ఒక చప్పుడు. నిన్నటి దాకా ఆ చప్పుడు లేదు. ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు ఉంటుంది, నా సీటు కిందే. ఆయనకు వినబడదు. ముప్ఫై ఏళ్ల లారీ ఇంజను ఆయన చెవులను సగం తినేసింది. నాకు మాత్రం అన్నీ వినబడతాయి. మలుపు వచ్చేదాకా తలుపు పిడి పట్టుకుంటాను. నిన్న ఇంటికొచ్చాక వేళ్లు విప్పడానికి రెండో చేయి వాడాల్సి వచ్చింది.

ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. దిగుతున్నంతసేపూ కీర్తన పాడతారు.

నువ్వు నేల మాత్రమే అన్నావు. ఒట్టు వేసి చెప్పమని అడగను, మనవాళ్లం ఒట్లు వేయం. ఇంకొక్కసారి రాయి, అంతే. ఈసారి సిరా అలుక్కుపోకుండా రాయి.

తైమి

*

సుపీరియర్
శుభ శుక్రవారం, మార్చి 28

దేవుని సమాధానం, అక్కా.

ఈ పలకరింపు రాసి తొమ్మిదేళ్లయింది. రాసే అర్హత లేదని తెలుసు. అయినా ఇది లేకుండా మిగతాది రాయలేకపోతున్నాను.

ఎముకలు కూడా.

నువ్వు పక్కన కూర్చుంటున్నావని చదివి, షాపులో పని అక్కడే వదిలేశాను. పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ బావే ఎత్తారు.  అక్కడ చలి ఎలా ఉందని అడిగి పెట్టేశాను. నాలాంటి పిరికివాడు ఇంకొకడు ఉండడు. కానీ ఆయన ఒక మాట చెప్పారు, మళ్లీ గడ్డకట్టే చలి వచ్చింది, బుధవారం దాకా చెట్లు నీరు వదలవు, బండి తీయను అని. ఈ ఉత్తరం రేపు పొద్దున పోస్టాఫీసు తెరవగానే ఇస్తాను. మంగళవారానికి నీకు అందుతుంది. బుధవారం కన్నా ముందే. దేవుడు నాకు ఒక్క రోజు గడువిచ్చాడు.

అంతా చెబుతాను, బావకు పైకి చదివి వినిపించు.

నేను ఆ బండి కొన్నప్పుడే ప్లాస్టిక్ తొడుగు వేశాను, తుప్పు పట్టకూడదని. ఆ తొడుగే దాన్ని తుప్పుకు తినిపించింది. రోడ్డు కుదుపుకి అది రోజూ రాపాడి పెయింటును గీకేస్తుంది. ఉప్పునీళ్లు కిందికి పోయి ఎటూ పోలేక అక్కడే ఉంటాయి. ఖాళీ తొట్టిలో తుప్పు పడితే కంటికి కనబడుతుంది, తుడుస్తాం. తొడుగు కింద పడితే ఎవరు చూస్తారు? నాలుగేళ్ల తర్వాత తీసి చూస్తే నేల జల్లెడలా ఉంది. తొట్టిని ఛాసిస్‌కి పట్టి ఉంచే అడ్డ దూలాలు రెండు పోయాయి. క్యాబిన్ వెనక కుడివైపు ఛాసిస్ దూలం నా గుప్పెట్లో పొడి అయింది. పొడి అక్కా. అక్కడ రేకు చుట్టి, తారు పూసి, పైన నల్ల రంగు కొట్టాను. తర్వాత కొత్త తొడుగు కొన్నాను. అంగడివాడు ఏది కావాలని అడిగాడు. అన్నిట్లోకి మందంగా ఉన్నది, అంచులు పైదాకా వచ్చేది ఇమ్మన్నాను. ఒక తొడుగును ఎంచుకోవడానికి నేను అంత శ్రద్ధ ఎప్పుడూ పెట్టలేదు.

బావ కిందికి చూస్తారనుకున్నాను. చూస్తే బేరం పోయేది, అంతే. ఆయన చూడలేదు. ఒన్ని మాట చాలు అన్నారు. ఆ మాట తర్వాత ఎలా చెప్పను?

పూత వద్దన్నది తొడుగు విప్పుతారని. పూత మీద నేను రాసిందంతా నిజమే, కానీ ఆ నిజాన్ని అబద్ధానికి వాడాను.

ట్యాంకు దింపించు. బండిని ఖాళీగా కూడా దిగుడు మీద నడపొద్దు. అక్కా, నువ్వు ఎక్కొద్దు.

మనవాళ్లు పాపాలు క్షమిస్తూ చెప్పే ఆ మాటలు నాకు చెప్పమని అడిగే ముఖం లేదు. అడుగుతున్నాను.

ఒన్ని

*

ఆటర్ లేక్
ఏప్రిల్ 7

తమ్ముడు ఒన్నికి,

దేవుని సమాధానం. బతికే ఉన్నాం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చలి బుధవారం దాకా ఆగలేదు. ఈస్టరు మధ్యాహ్నానికే విరిగింది. సోమవారానికి చెట్లు ధారగా కారాయి. సోమవారం రెండుసార్లు దిగాం. రెండోసారి మలుపులో బండి వెనకభాగం ఒకవైపు వెళ్తే ముందుభాగం ఇంకోవైపు వెళ్తున్నట్టు అనిపించింది. మీ బావ పాట ఆపారు. అలా ఆపడం అదే మొదటిసారి. "రోడ్డు జారుతోంది" అన్నారు. రోడ్డు పొడిగానే ఉంది.

మంగళవారం ట్యాంకు అంచుదాకా నిండింది. మా పోస్టు డబ్బా కొండ మీద, దిగుడు మొదలయ్యే చోట ఉంటుంది కదా, చలికాలం టపా అతను కిందికి రాడు. మీ బావ డబ్బా దగ్గర ఆపి, "చూడు, మీ తమ్ముడు వాతావరణం గురించి ఏమైనా రాశాడేమో. వాడికి మన చలి మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచో" అన్నారు.

నీ ఉత్తరం ఉంది. బండి ఎక్కి కూర్చుని చింపాను. ఆయన గేరు వేశారు. మొదటి వరుస నేను చదివాను, దేవుని సమాధానం అక్కా. ఆ పలకరింపు చూసి ఏడుపొచ్చింది, మిగతా అక్షరాలు కనబడలేదు. బండి కదిలింది. ముందు చక్రాలు వాలులోకి దిగాయి. నీళ్లు వచ్చి వెనక గోడను కొట్టాయి. కళ్లు తుడుచుకుని రెండో వరుస చదివాను.

"ఆపు" అన్నాను.

"ఏంటి?"

"ఆపు, అర్విద్! బండి ఆపు!"

ఒన్నీ, నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆయన భయపడి బ్రేకు తొక్కేశారు. మళ్లీ నీళ్లు కొట్టాయి, మళ్లీ ఆ చప్పుడు, ఈసారి ఎక్కువసేపు. ఆగాం. డబ్బాకు పది గజాలు కూడా దాటలేదు. దిగమన్నాను. "ఎవరు పోయారు?" అని అడిగారు పాపం. ఎవరూ పోలేదు, దిగు అన్నాను. ఇద్దరం దిగి రోడ్డు పక్క మంచులో నిలబడ్డాం. అక్కడ ఆయనకు నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను.

 ఆయన వెళ్లి ట్యాంకు కుళాయి తిప్పేశారు. ఆ రోజు నీరంతా, కొండ మీద బకెట్లన్నింటి నీరు, రోడ్డు మీద పారిపోయింది. చాలాసేపు పారింది.  ట్యాంకు ఖాళీ అయ్యాక ఆయన తొట్టి కుడి అంచు మీద బూటు పెట్టి ఒక్క తోపు తోశారు. గట్టిగా కూడా కాదు. బండి కింద ఏదో ఠప్పున విరిగింది. తొట్టి జానెడు కిందికి జారి చక్రం మీద కూర్చుంది. అక్కడే ఉండిపోయింది.

ఆయన ముఖం చూడలేకపోయాను. "నాకు జనవరి నుంచి తెలుసు" అన్నాను. "మొత్తం తెలియదు. రేకు సంగతి తెలుసు."

"జనవరి నుంచా?"

"జనవరి నుంచి."

"అయితే రోజూ పక్కన కూర్చున్నది అందుకా." అన్నారు, "ఈ వయసులో నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందేమో అనుకున్నాను."

టోపీ తీసి చేతిలో పట్టుకుని రోడ్డున పైకి నడిచి వెళ్లిపోయారు. వెనక్కి రారేమో అనుకున్నాను.  దిగుడులో కూడా నేను అంత భయపడలేదు. చివరికి వచ్చారు. నేను క్షమించమని అడిగాను. ఆయన నా మెడ చుట్టూ చెయ్యి వేసి, యేసు నామమందు, ఆయన రక్తమందు నీ పాపాలు క్షమించబడ్డాయని నమ్ము అన్నారు, మనవాళ్లు అనే పద్ధతిలోనే.  తర్వాత ఇద్దరం నడిచి కొండ దిగాం. ఆయన నడుముకు ఆ నడక ఎలా ఉంటుందో నీకు తెలుసు. మలుపు దగ్గర ఆగి, కింద బండరాళ్లను కాసేపు చూశారు. నేను చూడలేదు.

నీకూ ఆ మాటలే రాద్దామని కూర్చున్నాను. మీ బావ కాగితం లాక్కుని, నేను రాస్తాను అన్నారు. పెళ్లయ్యాక ఆయన ఎవరికైనా ఉత్తరం రాయడం నేను చూడలేదు. ఇందులో పెడుతున్నాను.

నీ అక్క,
తైమి

*

ఒన్నీ,

దేవుని సమాధానం.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. తప్పులుంటే మీ అక్కను అడుగు.

నాకు కోపం ఉంది. లేదని రాస్తే నేనూ తారు పూసినవాణ్ణే అవుతాను. నా సంగతి వదిలెయ్. తైమి ఆ బండిలో ఉంది.

నా తప్పు కూడా ఉంది. ముప్ఫై ఏళ్లు ఉప్పు చల్లినవాణ్ణి, బండి కిందికి ఎవరినైనా చూడమనాల్సింది. నీ మాట చాలు అన్నది నీ మీద నమ్మకంతోనే కాదు. పాత గొడవ మళ్లీ లేస్తుందని నాకూ భయమే.

నువ్వు అడిగిన మాటలు కాగితం మీద రాయను. మా నాన్న ఆ మాటలను మెడ చుట్టూ చెయ్యి వేసి చెవిలో చెప్పేవాడు. నాకూ అలాగే వచ్చు. కాబట్టి నువ్వు రావాలి. బస్సులో రా. నీ కారులో వస్తే దాని కిందికి వంగి చూసే నడుము నాకు లేదు.

బండిని ట్రాక్టరుతో లాగించి విప్పాను. మీ అమ్మ పొయ్యి తలుపు తీసి, తారు గీకి, కడిగాను. కోసిన అంచులు తప్ప అంతా బాగుంది. ఆ బండి మొత్తంలో తుప్పు పట్టనిది అదొక్కటే. గోడకు ఆనించి పెట్టాను.

వేరే పికప్ ఒకటి చూశాను. తైమి నాకన్నా ముందు టార్చిలైటు తీసుకుని దాని కింద పడుకుంది. చర్చికి వేసుకెళ్లే కోటుతో. బాగుందంది. ఏ తొడుగు వేయిస్తారని అమ్మేవాడు అడిగాడు, ఏదీ వద్దన్నాను. గీతలు పడితే పడనీ, కనబడతాయి.

మేం దాన్ని ఖాళీగా, దిగుడు కాకుండా చుట్టుతిరిగే చదును రోడ్డు మీద, మెల్లగా ఇంటికి తెచ్చాం. దారంతా మీ అక్క తలుపు పిడి పట్టుకునే కూర్చుంది. ఇంటి ముందు ఆపాక కూడా వదల్లేదు. వదిలించాలని చూశాను, నా వల్ల కాలేదు.

నువ్వొచ్చి వదిలించు.

అర్విద్